దారానికి తగిలిన గోడ

మా ఆయన తాపీ మేస్త్రి. నేను ఆయన పక్కన పని చేసినదాన్ని. ఇసక జల్లించడం, సున్నం కలపడం, గోడకు చివరి నునుపు పెట్టడం నా పనులు. పని ఒప్పుకునేటప్పుడు ఎదుటివాళ్ళతో మాట్లాడేది కూడా నేనే. ఆయన మాట పొదుపు మనిషి, నాకు నోరెక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో కాదో ఈ వయసుకీ తేల్చుకోలేకపోయాను గానీ, ఒకసారి మాత్రం దాని వల్ల రెండు ప్రాణాలు పోబోయాయి. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. పదో తరగతి తప్పినదాన్ని, రాత కుదురుగా లేకపోతే సర్దుకోండి.

ఎనభైల్లో మేం నరసరావుపేటలో ఉండేవాళ్ళం. ఎండాకాలంలో కొత్త ఇళ్ళ పనులు దొరికేవి. వానలు పడ్డాక మా పని వేరు. పల్నాడులో వాన తక్కువే. అయితే పడితే మాత్రం పగబట్టినట్టు పడుతుంది. వాయుగుండం పట్టి మూడు రోజులు కురిసిందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు మా గుమ్మం ముందుకు వచ్చేసేవాళ్ళు. ఇంట్లోకి వాగు నీళ్ళొచ్చాయని ఒకళ్ళు, మిద్దె కారుతోందని ఒకళ్ళు, గోడ చెమ్మెక్కిందని ఇంకొకళ్ళు. మేం వెళ్ళి నీళ్ళు తోడి, బురద ఎత్తిపోసి, నానిన గోడకు ఊతం పెట్టి, అది ఆరాక ఊడిన చోట మళ్ళీ పూసి వచ్చేవాళ్ళం. నానిన గోడను తొందరపడి ఆరబెట్టకూడదు. పక్కన నిప్పు పెడితే పైపైన ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అలాంటి గోడ ఎప్పుడు కూర్చుంటుందో కట్టినవాడు కూడా చెప్పలేడు. తలుపులన్నీ తీసి గాలికి వదిలెయ్యాలి, ఓపిక పట్టాలి. ఇదంతా మా ఆయనకు వాళ్ళ నాన్న నేర్పిన విద్య.

అప్పటి పాత ఇళ్ళు రాళ్ళ మధ్య మట్టి పెట్టి కట్టినవి. గోడలు మూరెడు మందం. పైన దూలాలు, దూలాల మీద నాపరాళ్ళు, వాటి మీద జానెడు చవుడు మట్టి. చవుడు తడిస్తే బిగుసుకుపోయి నీళ్ళు కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు పాతది గీకేసి కొత్తది పొయ్యాలి. గోడలకు మట్టీ పేడా కలిపి అలకాలి. ఇదీ ఏటా చెయ్యాల్సిందే. చేసినన్నాళ్ళూ ఇల్లు నిలబడుతుంది. పత్తి బాగా పండి చేతిలో నాలుగు డబ్బులాడినవాళ్ళకు ఈ అలుకుడు నామోషీ అయింది. పేటలో సిమెంటు మేడలు చూసి వచ్చి, మట్టి గోడ మీదే సిమెంటు పూయమనేవాళ్ళు. పైన పటారం లోన లొటారం అన్నట్టు.

గురజాల వైపు ఒక ఊళ్ళో అలాంటి రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మా, పెళ్ళికి ఎదిగిన ఒక్క కూతురూ. ఇల్లంతా సిమెంటు చేయించాలని మమ్మల్ని పిలిపించాడు. మా ఆయన గోడలు తట్టి చూసి, మట్టి గోడకు ఇది పనికిరాదని, లోపలికి పోయిన చెమ్మ బయటికి వచ్చే దారి మూసినట్టవుతుందని చెప్పాడు. రైతు మొహం చిన్నబోయింది. అప్పుడు నేను కల్పించుకున్నాను. అప్పటికి మాకు పని లేక రెండు వారాలైంది. మనం కాదంటే ఇంకో మేస్త్రి వచ్చి చేసిపోతాడు, మనం మడి కట్టుకుని కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా అని నా ఆలోచన.

"ఆయన మాటలకేం గానీ చేయించుకో బాబాయ్. నూరేళ్ళు చెక్కు చెదరదు" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మిద్దె మీద చవుడంతా దించేసి సిమెంటు పోశాం. గోడలకు లోపలా బయటా సిమెంటు పూశాం. లోపలి గదిలో ఆఖరి నునుపు నా చేత్తో నేనే పెట్టాను. అద్దంలా వచ్చింది. దాని ముందు నిలబడి మురిసిపోయాను కూడా. మా ఆయన మాత్రం తాపీ కడుక్కుంటూ, రెండు ఎండాకాలాలు పోతే మిద్దె మీద సన్నగా బీటలు పడతాయని, పడ్డ నీళ్ళన్నీ గోడలోకే దిగుతాయని నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని సామెత కూడా చెప్పాడు. నేను కసిరి పడేశాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆ మధ్యలోనే ఆ పిల్లకు పెళ్ళయిందని విన్నాం. తర్వాత వాయుగుండం వచ్చింది. వాన వెలిసిన మర్నాడే ఆ రైతు దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. వాగు పొంగి వాకిట్లోకీ వంటింట్లోకీ నీళ్ళొచ్చాయి, వచ్చి బాగు చేసిపొమ్మన్నాడు. బస్సులో సగం దూరం, నడిచి సగం దూరం వెళ్ళాం. దారి పొడుగునా మా ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. అందుకే ఆయనకు నాలుగడుగులు వెనకే నడిచాను.

పొద్దున్నే చేరాం. వాగు వెనక్కి పోయింది, వాకిలంతా మోకాటి లోతు బురద. ఊళ్ళో ఇద్దరు కూలివాళ్ళను కలుపుకుని పని మొదలుపెట్టాం. లోపలి గది కాస్త ఎత్తులో ఉంది, అందులోకి వాగు రాలేదని రైతు సంబరంగా చెప్పాడు. ఆ గది గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడప దగ్గర చీపురూ పాత చెప్పూ అడ్డం పెట్టి ఉన్నాయి. చూడగానే పురిటి గది అని తెలిసింది. కూతురు పురిటికి వచ్చింది. వాన మొదలైన రోజే ఆడపిల్లను కన్నది. ఆ రోజుకి అయిదో రోజు.

పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా మగవాళ్ళు ఆ గదిలోకి పోరు. అందుకని మా ఆయన గడప ఇవతల నిలబడి నన్ను లోపలికి పంపాడు. ఎలాగూ ఇంటికి పోయి తల మీద నీళ్ళు పోసుకుంటాను కదా అని పెద్దావిడ ఒప్పుకుంది. లోపల కిటికీ మూసి ఉంది, వాము పొగ కమ్ముకుని ఉంది. మంచం నేను నునుపు పెట్టిన గోడకు ఆనించి వేశారు. మంచం మీద ఆ పిల్ల, పక్కన చేటలో పసిగుడ్డు. బాలింతకు వెచ్చగా ఉండాలని గోడ మొదట్లో బొగ్గుల కుంపటి పెట్టారు. ఆ మూలనే రోజూ రెండు కాగుల వేణ్ణీళ్ళు పోసి స్నానం చేయిస్తున్నారు. పై నుంచి వాన నీళ్ళు, కింద నుంచి స్నానం నీళ్ళు, పక్కన నిప్పు. చూడ్డానికి గోడ మాత్రం పొడిగా తళతళలాడుతోంది.

తాపీ పిడితో గోడ తట్టమన్నాడు మా ఆయన. నేను లోపల తడుతుంటే ఆయన బయట చెవి పెట్టి విన్నాడు. పైన తడితే ఖంగుమంది. నడుము ఎత్తున తడితే బద్దుమని చచ్చు చప్పుడొచ్చింది. ఇంకోసారి తట్టమన్నాడు. తట్టాను. అరచెయ్యి ఆనించి చూస్తే ఆ మేర కొంచెం ఉబ్బినట్టు తెలిసింది. గోడ పొట్ట తీసింది. సిమెంటు వెనక మట్టంతా నీళ్ళు తాగి జావైపోయింది. పైన ఉన్న బరువుకు ఆ జావ నిలవడానికి చోటు లేక ముందుకు తోసుకొస్తోంది. మా ఆయన దారానికి కట్టిన తూకం గుండు నా చేతికిచ్చి, దూలానికి మేకు కొట్టి గోడకు రెండు వేళ్ళ ఎడంగా వేలాడదీయమన్నాడు. గోడ కదులుతోందో లేదో అదే చెబుతుందన్నాడు. రెండుసార్లు మేకు జారిపోయింది.

అదెందుకని ఆ పిల్ల అడిగింది. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. గోడ వంకర చూడ్డానికని చెప్పి, దారానికీ గోడకూ మధ్య సందు తగ్గితే కేకెయ్యమన్నాను. అంత చిన్న పిల్లకు ఆ కాపలా పెట్టాను.

మా ఆయన రైతు దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పాడు. బాలింతనూ బిడ్డనూ ఇప్పుడే బయటికి తేవాలి, తర్వాత దూలానికి ఊతాలు పెట్టి, సిమెంటు పగలగొట్టి గోడలో నీళ్ళు వదిలెయ్యాలి అన్నాడు. రైతు నవ్వాడు. గోడ మీద తడి చుక్క లేదు, ఏంది నీ భయం అన్నాడు. పురుడు వెళ్ళకుండా బాలింత గడప దాటకూడదని, గాలి తగిలితే సన్నిపాతం కమ్ముతుందని, అయినా పురిటి మైలతో ఉన్నదాన్ని ఊళ్ళో ఏ ఇంట్లో రానిస్తారని అడిగాడు. చివరికి ఒక మాట అన్నాడు.

"నూరేళ్ళు చెక్కు చెదరదని నీ పెళ్ళామే గదయ్యా చెప్పింది."

మా ఆయన నా వైపు చూడలేదు. అది నా పెళ్ళాం మాట, నేను వద్దనే చెప్పాను అని ఆయన ఒక్క ముక్క అని ఉండొచ్చు. అనలేదు. తలొంచుకున్నాడు. ఆ తలొంపు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నా తప్పుకు నా మీద నాకు రావాల్సిన కోపం కాస్తా రైతు మీదికి మళ్ళింది. మాకేం పనిలేక చెబుతున్నామా, మంచి చెబితే నెత్తికెక్కదా అని గయ్యిమన్నాను. ఆయనా తగ్గలేదు. పని పెంచుకోడానికి ఎత్తులేస్తున్నారని, బురద ఎత్తి పోదలిస్తే ఎత్తమని, లేకపోతే లేదని చెప్పి పొలం గట్టు చూడ్డానికి పోబోయాడు. నా నోటితో ఉన్న కాస్త దారీ మూసేశాను.

అప్పుడు లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"అక్కా, దారం దగ్గరికొచ్చింది."

వెళ్ళి చూశాను. ఒక వేలు పట్టే సందే ఉంది. దగ్గరికొచ్చింది దారం కాదని ఆ పిల్లకు చెప్పలేదు. పసిదాన్ని చేటతో సహా గది రెండో మూలకు జరిపాను. కుంపటి ఎత్తుకొచ్చి వాకిట్లో బురదలో కుమ్మరించాను. ఇక అరిచి లాభం లేదు. నా అరుపు నమ్మరు, మా ఆయన మౌనం నమ్మరు. వాళ్ళు నమ్మింది ఒక్కటే, రెండేళ్ళ కింద నేను చెప్పిన మాట. దాన్ని నేనే వెనక్కి తీసుకోవాలి. తీసుకున్నానా, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ మాకు పని పుట్టదు. అదీ తెలుసు.

పెద్దావిడ వసారాలో కూర్చుని బాలింత కారానికి వెల్లుల్లి ఒలుస్తోంది. బురద కాళ్ళతోనే ఆమె ముందు కూలబడ్డాను.

"పెద్దమ్మా, ఆ గోడ నూరేళ్ళుంటదని నేను చెప్పిన మాట అబద్ధం."

ఆమె చెయ్యి ఆగింది. "తెలీక చెప్పావా, తెలిసి చెప్పావా?"

"తెలిసే చెప్పా. మా ఆయన వద్దన్నాడు. పని పోద్దని నేనే చెప్పా. ఆ గోడ ఇప్పుడు పడిద్ది పెద్దమ్మా. నీ మనవరాలి మీద పడిద్ది."

వాకిలి దాటబోతున్న రైతు వెనక్కి వచ్చాడు. విన్నాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. నా ముందు నిలబడి, నీ మాట నమ్మే కదా నా బిడ్డను ఆ గోడ పక్కన పడుకోబెట్టుకున్నాను అన్నాడు. గొంతులో కోపం లేదు. పెద్దావిడ వెల్లుల్లి పొట్టు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది.

"ఒరేయ్, దాని సంగతి తర్వాత. గొడ్ల సావిట్లో ఆవును ఆ పక్కకి కట్టు" అంది కొడుకుతో.

మైల గురించి ఆయన ఏదో అనబోయాడు. ఆవున్న చోట మైలేందిరా అంది ఆమె. గడప మాటేమిటన్నాడు. గడప దాటేది కాళ్ళు, ఆ కాళ్ళు నేల మీద పెట్టనిస్తే కదా అంది. అంతవరకు కొండలా అడ్డం కూర్చున్న ఆచారానికి ఆ ముసలామె రెండు మాటల్లో దారి తీసింది. మేస్త్రిని కూడా లోపలికి రమ్మంది. మా ఆయన గడప దగ్గర తటపటాయిస్తుంటే చెయ్యి పట్టి లాగింది.

మంచం అడ్డంగా గుమ్మంలో పట్టదు. పిల్లను పరుపు మీద నుంచి బొంతతో సహా ఎత్తాం. నాలుగు కొసలు నలుగురం పట్టాం. తండ్రీ మా ఆయనా తల వైపు, నేనూ ఒక కూలి మనిషీ కాళ్ళ వైపు. ఎత్తుతూ దారం వంక చూశాను. దారం గోడకు తగిలింది. తగలడం కాదు, ఉబ్బు మీద వంగి, కింద గుండు పక్కకు ఒరిగి ఉంది. గుమ్మం ఇరుకు. పక్కకు తిరిగి, ఒకళ్ళ వెనక ఒకళ్ళం జరుగుతున్నాం. ఆ పిల్ల బొంతలోంచి నా పిల్ల, నా పిల్ల అంటోంది. పెద్దావిడ చేట గుండెకు ఆనించుకుని, దిష్టి తగలకుండా తలగడ కింద పెట్టిన కొడవలి నడుమున దోపుకుని మా వెనకే వచ్చింది. బాలింత కాలు నేలకు తగలకుండా సావిట్లో ఎండుగడ్డి మీద దించాం. ఆ సావిడికి ఎవరూ సిమెంటు పూయలేదు. మట్టి గోడలు తడిసి, కొంత రాలి, హాయిగా ఆరుతున్నాయి.

అయిపోయిందనుకున్నాను. మా ఆయన వాకిట్లో ఉన్న తాటి మొద్దులు ఎత్తుకుంటున్నాడు. చొక్కా పట్టుకుని లాగాను. గోడ పోయినా పోనీ, దూలం దిగితే నాపరాళ్ళతో సహా ఇల్లంతా దిగుద్ది అన్నాడు. రైతు రెండో మొద్దు ఎత్తుకుని ఆయన వెంట లోపలికి పోయాడు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. మొదటి మొద్దు దూలం కింద నిలబెట్టి, సందు బిగిసేట్టు మేకు చెక్క కొట్టారు. రెండోది కొంచెం పొట్టిదైంది, కింద రాయి పెట్టారు. నేను గుండు వైపే చూస్తున్నాను. అది మెల్లగా గది మధ్యకు జరుగుతోంది. చెక్క మీద ఆఖరి దెబ్బ పడుతుండగా గోడ పై కొసన టిక్కుమని చప్పుడైంది. రా అని అరిచానో, అరిచాననుకున్నానో తెలీదు. ఇద్దరూ ఒక్క గెంతులో నా మీద పడ్డారు.

పెద్ద మోత కాలేదు. తడి బట్టల మూట పడేసినట్టు ఒక చప్పుడు, అంతే. దుమ్ము కూడా లేవలేదు. చూస్తే గోడ ఉన్న చోట వెలుగొచ్చింది. దూలం మొద్దుల మీద నిలబడే ఉంది. మంచం కనపడలేదు.

తర్వాత మేం ఆ ఇంట్లో రెండు నెలలున్నాం. మిగిలిన గోడల సిమెంటు వొలిచాం, గాలికి ఆరబెట్టాం, పడ్డ గోడను మట్టితో కట్టాం, మిద్దె మీద మళ్ళీ చవుడు పోశాం. కూలి అడగలేదు. రైతు ఆ రెండు నెలలూ నాతో మాట్లాడలేదు, వేరే మేస్త్రిని పిలవనూ లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ మొదటి రోజు మధ్యాహ్నమే.

మంచం మీద రాళ్ళూ మట్టీ ఎత్తిపోశాం. అడుగున మేం పూసిన సిమెంటు బయటపడింది. రెండు తలుపు రెక్కలంత ముక్క, ఊడినది ఊడినట్టే బోర్లా పడింది. దాని కింద మంచం పట్టెలు విరిగి నేలకు అంటుకుపోయాయి. ఆ పిల్ల తల పెట్టుకున్న తలగడ అప్పడంలా అయిపోయింది. రైతూ మా ఆయనా ఆ ముక్కను పైకి లేపి ఎదుటి గోడకు చేరేశారు. నేను నునుపు పెట్టిన ముఖం మా వైపు తిరిగింది. ఎక్కడా గీత పడలేదు. అదే అద్దం, అదే మెరుపు.

పెద్దావిడ వచ్చి తలగడ వంక చూసింది. తర్వాత ఆ ముక్క దగ్గరికి పోయి వేళ్ళ కణుపులతో కొట్టింది. ఖంగుమంది.

"నువ్వు చెప్పిందీ నిజమేనే అమ్మాయ్. చెక్కు చెదరలా" అంది.

వెటకారంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. నోరెక్కువని పేరు పడ్డదాన్ని, అక్కడే నిలబడి ఏడ్చాను. మా ఆయన సమ్మెట తెచ్చి నా చేతిలో పెట్టి, తను మట్టి ఎత్తడానికి వెళ్ళిపోయాడు. కొట్టాను. మొదటి దెబ్బకు అది పగల్లేదు. సావిట్లో పసిగుడ్డు ఉలిక్కిపడి కెవ్వుమంది. ఆ ఏడుపు ఆగేదాకా ఆగి, మళ్ళీ కొట్టాను. అది ముక్కలవడానికి పొద్దు వాలేదాకా పట్టింది.